పామర్రు డిస్కు తిక్క

"ఇప్పుడు దాన్నెవరూ వాడటం లేదు" అనే మాట నా ముందు ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరూ అంటే ఎవరండీ? అడిగి చూశారా? బందరు బస్సెక్కి పామర్రులో దిగి చూశారా? ఈ ప్రశ్నను నేను ఒకసారి, ఎన్నడూ ముఖం చూడని ఒక పెద్దాయనకు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా రాశాను. మర్యాదగా రాయడానికి మూడుసార్లు కొట్టేసి రాయాల్సి వచ్చింది. మొదటిసారి రాసింది ఇక్కడ చెప్పేది కాదు.

నా పనేమిటో ముందు చెప్పాలి. కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, డిస్కు ఉంటుంది. రెంటికీ మధ్య నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. నేను ఇరవై ఏళ్ళ పైనుంచీ డిస్కు డ్రైవర్లే రాస్తున్నాను. మొదట హైదరాబాదులో ఒక కంపెనీ ఆఫీసులో, తర్వాత గుణదలలో మా ఇంటి పై గదిలో. కంపెనీ పని జీతానికి చేస్తాను. అది కాక, ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. నాలాంటి వాళ్ళు దేశదేశాల్లో కూర్చుని కలిసి రాసేది. అందులో నా వంతు నేను రాస్తాను. దాని డిస్కుల విభాగానికి ఆ పెద్దాయన పెద్ద. ఆయన ఒప్పుకుంటేనే ఒక్క వాక్యమైనా లోపలికి వెళ్తుంది. పన్నెండేళ్ళుగా మా ఇద్దరికీ మెయిళ్ళలోనే పరిచయం.

పాత డిస్కులకు తిక్కలుంటాయి. కొన్ని ఇంకా కళ్ళు తెరవకుండానే "సిద్ధం" అంటాయి. కొన్ని తమ సైజు ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పుకుంటాయి. కొన్నింటితో వేగంగా మాట్లాడితే తికమకపడి ఒకచోట రాయాల్సింది ఇంకోచోట రాస్తాయి. ఇవన్నీ తయారుచేసినవాళ్ళ పొరపాట్లు. డిస్కు కొనుక్కున్నవాడి ఇంటికి చేరాక దాన్ని దిద్దే నాథుడుండడు. కాబట్టి డ్రైవర్లోనే ఒక పట్టిక పెట్టుకుంటాం. ఫలానా మోడల్ కనబడితే ఫలానా జాగ్రత్త తీసుకో అని. నేను దాన్ని తిక్కల పట్టిక అంటాను. నా ఉద్యోగంలో సగం ఈ పట్టికే.

అందులో ఒక తిక్క మా పిన్నిది. అంటే మా పిన్ని మెషీనులో ఉన్న డిస్కుది.

మా అమ్మ చెల్లెలు పామర్రులో డీజిల్ పంపుల షాపు నడుపుతుంది. హార్వెస్టర్లకూ ట్రాక్టర్లకూ ఇంజనులోకి డీజిల్ కొలిచి పంపే పంపు ఒకటుంటుంది. అది ఏ లైనులో చుక్క ఎక్కువ పోసినా, తక్కువ పోసినా బండి పొగ కక్కుతుంది, లేదంటే మడిలో చతికిలబడుతుంది. పిన్ని ఆ పంపును విప్పి, బాగుచేసి, టెస్ట్ బెంచ్ మీద బిగించి తిప్పి, ఏ లైను ఎంత పోస్తోందో కొలిచి, సరిచేసి ఇస్తుంది. షాపు పెట్టింది బాబాయి. ఆయన పోయాక, "ఆడమనిషి పంపులేం విప్పుద్ది" అన్నవాళ్ళే ఇప్పుడు సార్వా వరి కోతల ముందు పంపులు సంచుల్లో వేసుకుని ఆమె గుమ్మంలో నిలబడతారు. ఆమెకు అరవై ఆరు.

ఆ బెంచికి కొలతలు తీసే కార్డు ఒకటుంది. అది పాతకాలపు కంప్యూటర్లోనే దూరుతుంది. కొత్త కంప్యూటర్లలో దానికి చోటే లేదు. కాబట్టి కంప్యూటరు పాతది, దానికి సరిపడే డిస్కు పాతది. డిస్కు మార్చి చూడలేదా అంటే చూశాను. కొత్త డిస్కును పాత కంప్యూటరుకు తగిలించే అడాప్టర్లు రెండు తెచ్చాను. ఒకదాన్ని మెషీను గుర్తే పట్టలేదు. రెండోది గుర్తుపట్టింది గానీ, పక్కన బెంచి మోటారు తిరగడం మొదలుపెట్టగానే అంతా మరిచిపోయింది.

ఇంతకీ ఆ డిస్కు తిక్క ఏమిటంటే అబద్ధం. ప్రతి డిస్కుకూ లోపల చిన్న తాత్కాలిక జ్ఞాపకం ఉంటుంది. ఏదన్నా రాయమంటే ముందు అందులో వేసుకుని, తీరికగా లోపల తిరిగే పళ్ళెం మీద రాస్తుంది. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యమధ్య గట్టిగా అడుగుతుంది, అంతా నిజంగా పళ్ళెం మీదికి ఎక్కిందా అని. మంచి డిస్కు రాయడం పూర్తయ్యాకే అవునంటుంది. ఇది మాత్రం అడిగీ అడగకముందే "అయిపోయిందండీ" అనేస్తుంది. పండగ ముందు దర్జీని జాకెట్లడగండి, ఇదే జవాబు వస్తుంది. గుడ్డ ఇంకా కత్తిరించి కూడా ఉండదు.

పదేళ్ళ కిందట పిన్ని రిపోర్టులు మాయమవుతున్నాయని ఫోన్ చేస్తే వెళ్ళి, రెండు రోజులు కూర్చుని ఈ అబద్ధాన్ని పట్టుకున్నాను. పట్టికలో ఒక తిక్క చేర్చాను: ఈ మోడల్ కనబడితే దాని తాత్కాలిక జ్ఞాపకాన్ని ఆపెయ్, రాశానంటే నమ్మకు, పళ్ళెం మీంచి మళ్ళీ చదివించి సరిచూసుకో. పెద్దాయన చేర్చాడు. రిపోర్టులు మాయమవడం ఆగిపోయింది. ఎందుకు అబద్ధమాడుతోంది అని మాత్రం నేను అడగలేదు. తిక్కకు కారణమేముంటుంది లెమ్మనుకున్నాను. ఆ బద్ధకం తర్వాత నా మెడకే చుట్టుకుంది.

పిన్ని షాపు గోడ గురించి కూడా చెప్పాలి. బెంచి వెనక గోడంతా సుద్దముక్కతో రాతలే. బాబాయి ఏదీ రాసుకునేవాడు కాదు, అంతా ఆయన చేతికే తెలుసు. ఆయన హఠాత్తుగా పోయేనాటికి బల్ల మీద తొమ్మిది పంపులున్నాయి. ఏది ఎవరిదో, దేనికేం చేశాడో, ఇంకేం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. పిన్ని ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటే మొదట్నుంచీ విప్పుకుంటూ పని నేర్చుకుంది. అప్పట్నుంచీ ఏది తెలిసినా గోడకెక్కిస్తుంది. "ఉయ్యూరు ఎర్ర హార్వెస్టర్ – మూడో లైను తక్కువ పోస్తది, పావు చుట్టు చాలు." "నిమ్మకూరు ముసలాయన బండి – రెండో నాజిల్ కొత్తదే అంటాడు, నమ్మొద్దు." "కూచిపూడి ట్రాక్టరు – పంపు మంచిదే, ఓనరే తిక్క." వీటన్నిటికీ పైన, పెద్ద అక్షరాల్లో ఇంకోటి: "ఆరు దాటితే టెస్టు వద్దు."

ఆ చివరిదాన్ని నేను ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాను. చూసి నవ్వుకునేదాన్ని. మా ఇళ్ళల్లో దీపాలవేళ ఊడవకూడదు, ఉప్పు ఇవ్వకూడదు, గోళ్ళు తీయకూడదు. పిన్ని ఆ లెక్కన పంపుల్ని కూడా కలిపిందనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

రెండేళ్ళ కిందట వర్షాకాలంలో గోరుచుట్టు మీద రోకటి పోటు పడింది. పిన్ని పంపులు బాగుచేసే హార్వెస్టర్ల కంపెనీ ఒక కబురు పంపింది. ఇకమీదట ప్రతి పంపు టెస్టు రిపోర్టూ బెంచి నుంచి నేరుగా వాళ్ళకు నెట్‌లో రావాలి. దానికి వాళ్ళిచ్చే ప్రోగ్రామే వాడాలి. కోతలు మొదలయ్యేలోగా రిపోర్టులు పంపని షాపుల గుర్తింపు రద్దు. ఆ ప్రోగ్రామేమో, పిన్ని మెషీనులో ఉన్న మా ఆపరేటింగ్ సిస్టమ్ రాబోయే కొత్త వెర్షన్ ఉంటేనే నడుస్తుంది. సరే, కొత్త వెర్షన్ వేస్తే పోయింది కదా అనుకున్నాను. ఆ వారమే పెద్దాయన మెయిలు వచ్చింది. కొత్త వెర్షన్ నుంచి పాత డిస్కుల తిక్కల పట్టికలో సగం తీసేస్తున్నాం, ఇప్పుడు వాటినెవరూ వాడటం లేదు, అభ్యంతరాలుంటే మూడు వారాల్లో చెప్పండి. జాబితాలో పదమూడోది మా పిన్ని డిస్కు.

ఏరు దాటి తెప్ప తగలెయ్యడం అంటే ఇదే. తెప్ప మీద ఇంకా మనుషులున్నారా అని వెనక్కి తిరిగి కూడా చూడరు. నాకొచ్చిన కోపానికి కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగాను. తిక్క తీసేస్తే ఏమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు. డిస్కు మళ్ళీ "అయిపోయిందండీ" అంటుంది, కొత్త డ్రైవర్ నమ్ముతుంది, రిపోర్టులు మాయమవుతాయి, పిన్ని షాపుకు గుర్తింపు పోతుంది. పంపులన్నీ బెజవాడ చేరతాయి.

బెజవాడ అని ఊరికే అనలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త టెస్ట్ బెంచీలు అమ్మే డీలరు ఒకతను అప్పటికే ఒకసారి పిన్ని షాపుకొచ్చి వెళ్ళాడు. నేనూ ఉన్నాను ఆ రోజు. మెరిసే కాగితాల పుస్తకం చేతిలో పెట్టి, బెంచిని చూసి ముక్కు చిట్లించాడు.

"ఇంకా ఈ పాత సామానేంటండీ మేడం? మ్యూజియంలో పెట్టాల్సింది. లేకపోతే ఓ పని చెయ్యండి, పంపులు మా దగ్గరికి పంపించెయ్యండి. మీకు కమిషన్ ఇస్తాం, హాయిగా కూర్చోండి."

పిన్ని చేతులు తుడుచుకుంటూ అడిగింది. "మీ కొత్త బెంచి వోల్టేజీ నూట అరవైకి పడితే ఏం చేస్తదండీ?"

"అంత తక్కువకి పడకూడదండీ. స్టెబిలైజరు పెట్టించుకోవాలి."

"పడకూడదని మీరు మా ఊరి కరెంటుకి చెప్పి వెళ్ళండి మరి."

అతను కాఫీ కూడా తాగకుండా వెళ్ళాడు. ఆ మాటను నేను ఆ రోజు హాస్యం కిందే తీసుకున్నాను.

పెద్దాయన మెయిలు చూసిన మర్నాడే పామర్రు వెళ్ళి పిన్నికి సంగతి చెప్పాను. ఆమె పంపు విప్పుతూనే విన్నది. నేను ధైర్యం చెప్పాను. "నువ్వేం దిగులుపడకు పిన్నీ. వాళ్ళు తీసేస్తే తీసేస్తారు. నీ ఒక్కదాని కోసం నేను తిక్క కలిపి వేరే వెర్షన్ తయారుచేసి పెడతాను. అరగంట పని."

స్పానరు కింద పెట్టింది. "కొత్తది వచ్చినప్పుడల్లా నువ్వొచ్చి కలపాలా?"

"ఆ, వస్తాను."

"నువ్వుంటేనే నడిచే మెషీను నాకెందుకే? రేపు నీకు పనిబడితే? నువ్వు ఊళ్ళో లేకపోతే? మీ బాబాయి చేతికే తెలిసిన పంపులు తొమ్మిది నా ముందు పెట్టి పోయాడు, గుర్తులేదా? ఇప్పుడు నువ్వు పదోది పెడతానంటావా?"

ఆమె స్పానరు మళ్ళీ అందుకుంది. "అందరికీ ఇచ్చేదాంట్లోనే ఉండాలి. లేకపోతే వద్దు. పో, పోయి వాళ్ళతో పోట్లాడు. నోరు లేనిదానివా?"

నోరు లేనిదాన్ని కాదు. మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ రాత్రే పెద్దాయనకు, "ఎవరూ అంటే ఎవరండీ" అని రాశాను. ఆయన జవాబు పొడిగా వచ్చింది. తిక్క అవసరమని రుజువు చూపండి. అది లేకుండా కొత్త వెర్షన్ ఆ డిస్కు మీద నడిపి, రాస్తుండగా కరెంటు తీసి, పోయిందేమిటో చూపండి. న్యాయమైన మాటే. నేనైనా అదే అడుగుతాను.

పిన్ని దగ్గర అలాంటిదే ఒక పాత డిస్కు విడిగా ఉంది. దాన్ని గుడ్డలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని గుణదల తెచ్చాను. పై గదిలో ఒక పాత బోర్డు తీసి, కొత్త పవర్ సప్లై తగిలించి, తిక్క లేని వెర్షన్ వేశాను. రాయించడం, మధ్యలో స్విచ్చి తీసెయ్యడం, మళ్ళీ వేసి లెక్క చూడటం. పదిసార్లు చేశాను. ఒక్క అక్షరం పోలేదు. ఇరవైసార్లు చేశాను. పోలేదు. నలభైసార్లు చేశాక కాఫీ కలుపుకుని తెచ్చుకుని మళ్ళీ చేశాను. ఛీ, ఆ డిస్కంత నిజాయితీపరురాలు కృష్ణా జిల్లాలో లేదు. అడిగిన ప్రతిసారీ నిజమే చెప్పింది.

అబద్ధమాడటం నాకు చేతకాదు. ఉన్నదున్నట్టు రాశాను. పెద్దాయన ఒక్క వాక్యం రాశాడు: అయితే తిక్క అవసరం లేదన్నమాట. కింద, మా మెయిళ్ళ గుంపులో ఇంకెవరో నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఎనిమిదేళ్ళుగా లేని జబ్బుకు మందేశానని నా ముఖం మీద చెప్పినట్టే. తప్పు నాదేనేమో, ఎనిమిదేళ్ళ కిందట ఇంకేదో చూసి డిస్కు మీద నెట్టానేమో అన్న అనుమానం లోపల దొలిచేసింది. గడువుకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

మర్నాడు పిన్నికి ఫోన్ చేసి ఓడిపోయానని చెప్పాను. ఎలా చేశావో చెప్పమంది. అంతా చెప్పాను. కొత్త పవర్ సప్లై అన్నాను, గదిలో ఏసీ అన్నాను, ఇంటికంతటికీ ఇన్వర్టరుందన్నాను. అవతల పెద్దగా నవ్వింది.

"దాన్ని పండక్కొచ్చిన అల్లుణ్ణి చూసినట్టు చూసుకుంటే అదెందుకే ఏడుస్తది? ఇక్కడికి తీసుకురా. సాయంత్రం ఆరింటికి ఉండేటట్టు రా."

"ఆరింటికా? ఆరు దాటితే టెస్టు వద్దన్నావుగా, దీపాలవేళ అని."

"దీపాలవేళా? నీ చదువు తగలెయ్య! ఆరింటికి చుట్టుపక్కల చేపల చెరువులోళ్ళందరూ ఒక్కసారే ఏరియేటర్లేస్తారు. వోల్టేజీ నూట అరవైకొచ్చుద్ది. మోటారు స్పీడు నిలబడదు, కొలతలన్నీ తప్పు. అందుకని రాశా. నువ్వు దీపాలవేళ అనుకున్నావా ఇన్నాళ్ళూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. చెరువుల్లో నీటిని చిలికి చేపలకు గాలాడేలా చేసే ఆ చక్రాలు బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. పొద్దుగూకగానే అవి తిరగడం మొదలుపెడతాయని నాకు తెలుసు. కంకిపాడు దాటితే రెండు వైపులా అవే. పిన్ని రాసింది వోల్టేజీ గురించని మాత్రం తట్టలేదు. ఆమె చదివింది ఎనిమిదో తరగతి కాబట్టి ఆమె రాసినదాని వెనక ఏ నమ్మకమో ఉంటుంది తప్ప లెక్క ఉండదని నేనే తీర్మానించుకున్నాను. ఎవరూ వాడటం లేదని అడక్కుండా తీర్మానించిన పెద్దాయనకూ నాకూ తేడా ఏముంది?

ఇంకోటి కూడా అప్పుడే వెలిగింది. పిన్ని ఆరు దాటాక టెస్టు చెయ్యదు గానీ, ఆ రోజు చేసిన టెస్టుల రిపోర్టులన్నీ షాపు కట్టేముందు ఒక్కసారే డిస్కులో దాస్తుంది. అంటే సరిగ్గా ఆరింటికి. ఆ వెంటనే మెయిను స్విచ్చి దించేస్తుంది. తగ్గిన కరెంటు ఒక్కసారిగా ఎక్కువై వస్తే మోటారు కాలుతుందని మా వైపు వర్క్‌షాపులన్నిటిలో అదే అలవాటు.

ఆ సాయంత్రం అయిదున్నరకి డిస్కు పామర్రులో దాని సొంత మెషీనులో ఉంది. ముసలి పవర్ సప్లై, డీజిల్ వాసన, తలుపు తీసి ఉన్న షాపు. తిక్క లేని వెర్షన్ వేశాను. పిన్ని గోడనున్న వోల్టు మీటరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. ఆరవుతుండగా బల్బు ఎర్రబడింది.

"రెండొందల పది," అంది. "నూట తొంభై... డెబ్బై అయిదు. ఆగు, ఇంకా పడుద్ది. నూట అరవై రెండు. ఇప్పుడు కొట్టు!"

రిపోర్టులు దాయమన్నాను. డిస్కు వెంటనే "అయిపోయిందండీ" అంది. పిన్ని మెయిను దించింది. నిమిషం ఆగి ఎత్తింది. మెషీను లేచాక చూస్తే మూడు రిపోర్టుల్లో రెండు లేవు.

నేను కేక పెట్టాను. పోయినందుకు అంత సంతోషపడ్డ మనిషిని పామర్రు బజారు చూసి ఉండదు. పక్క టైర్ల షాపాయన ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. పిన్ని అతన్ని "ఏం లేదులే, మా అమ్మాయి రిపోర్టులు పోయినై" అని పంపించేసింది.

అప్పుడు అర్థమైంది. డిస్కుకు కడుపు నిండా కరెంటు ఉన్నంతసేపూ అది మంచిదే. వోల్టేజీ పడితే పళ్ళెం తిరిగే వేగం తగ్గుతుంది, రాసే ముల్లు పని ఆపేస్తుంది. కానీ జవాబు చెప్పే భాగానికి ఆ సంగతి తెలియదు. తాత్కాలిక జ్ఞాపకంలో వేసుకున్నది చూసుకుని రాశాననే చెబుతుంది. రెండు సాయంత్రాలు కూర్చున్నాం. తిక్క లేకుండా పదిసార్లలో ఏడుసార్లు రిపోర్టులు పోయాయి. తిక్కతో పదిసార్లూ ఒక్కటీ పోలేదు. రాయలేనప్పుడు రాయలేకపోయానని ఒప్పుకుంది, వోల్టేజీ కాస్త లేచాక మళ్ళీ రాసింది, అయిందన్నాకే పిన్ని మెయిను దించింది. ప్రతిసారీ పిన్ని చెప్పిన వోల్టులు పక్కన రాసి పంపించాను.

పెద్దాయన మూడు ప్రశ్నలు వేశాడు. ఆ కంప్యూటరుకు బ్యాటరీ పెట్టుకోవచ్చు కదా అన్నది మొదటిది. పెట్టాను మహాప్రభో, రెండుసార్లు పెట్టాను. రోజూ సాయంత్రం కరెంటు పడి లేస్తుంటే ఆ బ్యాటరీ ఆరు నెలలకే చచ్చేది. చచ్చానని చెప్పేది కూడా కాదు. మెషీను మార్చుకోవచ్చు కదా అన్నది రెండోది. మార్చుకోవచ్చు. మీరు ఊరికే ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్, డబ్బున్నవాళ్ళ కోసమేనని గుమ్మం మీద రాసిపెడితే మార్చుకుంటాం. ఇది మాత్రం కొట్టెయ్యకుండా అలాగే పంపాను.

మూడో ప్రశ్న ఇది. వాడేది ఒక్కరే అయితే, ప్రతి కొత్త వెర్షన్‌నీ ఆ మెషీను మీద పరీక్షించి చెప్పేదెవరు? పరీక్షించేవాళ్ళు లేని వాక్యం ఉన్నా లేనట్టే. ఎవరైనా పేరు పెట్టి బాధ్యత తీసుకుంటే ఉంచుతాను, లేకపోతే తీసేస్తాను.

నేనే తీసుకుంటానని షాపులో కూర్చుని రాయబోయాను. పిన్ని నా భుజం మీంచి చూస్తోంది. ఏం రాస్తున్నావంది. చెప్పాను.

"వోల్టులు చూసింది నేను. మెయిను దించింది నేను. బెంచి నాది. నీ పేరెందుకు రాస్తావు?"

"ప్రతి నాలుగైదు నెలలకీ చెయ్యాలి పిన్నీ. ఇంగ్లీషులో చెప్పాలి."

"పది దాచా, పదీ ఉన్నై. ఇది చెప్పడానికి ఇంగ్లీషెంత కావాలే?"

పిన్ని పేరే రాశాను. ఇంటిపేరుతో సహా. ఆయన ఆ రోజే ఒప్పుకున్నాడు. పదమూడో తిక్క పట్టికలో మిగిలింది. దాని కింద, పరీక్షించేవారు అన్నచోట, ఎనిమిదో తరగతి చదివిన మా పిన్ని పేరుంది. లోకంలో ఎవరు ఆ ఆపరేటింగ్ సిస్టమ్ దించుకున్నా ఆ పేరు కూడా వాళ్ళింటికి వెళ్తుంది. కోతలకు వారం ముందు పిన్ని మొదటి రిపోర్టులు కంపెనీకి చేరాయి, గుర్తింపు నిలిచింది.

పిన్ని గోడ మీద "ఆరు దాటితే టెస్టు వద్దు" కింద ఇంకో వరస చేరింది: "కొత్తది వస్తే దాన్ని మాత్రం ఆరింటికే." దాని కింద నాచేత మెట్లు మెట్లుగా చెప్పించుకుని అంతా రాసుకుంది, కొత్తది ఎలా దించుకోవాలి, ఏది నొక్కాలి, ఏది చూడాలి అని. అన్నిటికన్నా కింద పెద్దాయన మెయిలు అడ్రసు. ఒక్కొక్క ఇంగ్లీషక్షరం చూసి చూసి దించింది. అదెందుకు పిన్నీ, పంపేది నేనే కదా అన్నాను. ఉండనీలే అంది.

నాలుగు వెర్షన్లకు నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అయిదోదానికి మొన్న నాకు విషజ్వరం వచ్చి పది రోజులు మంచం మీంచి లేవలేదు. ఫోన్ కూడా ముట్టలేదు. పదకొండోరోజు గోడ పట్టుకుని పై గదికి ఎక్కి, గడువు దాటిపోయిందేమోనని ముందు మెయిళ్ళే తెరిచాను.

పిన్ని పెద్దాయనకు నేరుగా పంపిన మెయిలొకటి, ఆయన తన జవాబు నాకూ పంపడంతో, వచ్చి ఉంది. రెండు ఫోటోలు. ఒకటి స్క్రీను, పది వరుసలు. ఇంకోటి వోల్టు మీటరు, ముల్లు నూట అరవై దగ్గర, పక్కన ఆమె బొటనవేలు కూడా పడింది. కింద ఇంగ్లీషులో రాసింది ఇంతే: ఓకే, పదికి పది. దాని కింద పెద్దాయన జవాబు. ధన్యవాదాలు మేడం, చేర్చాను. నాకు పన్నెండేళ్ళలో ఎన్నడూ ధన్యవాదాలు చెప్పలేదు ఆయన.

వెంటనే ఫోన్ చేశాను. ఏడుపొస్తోంది, కోపం కూడా వస్తోంది. "నాకు చెప్పకుండా పంపించేశావేంటి పిన్నీ?"

"నీకు జొరం కదే. నీకు జొరమొచ్చిందని మెషీను ఆగుద్దా?" అంది. వెనక బెంచి మోటారు హోరు వినబడుతోంది. "మందులేసుకున్నావా? సరే, పెట్టెయ్. పంపు తిరుగుతోంది."